డిస్క్ ముందు పెరిగిన క్యూ

ప్రశ్న: మా కార్యాలయంలో ఒకే సర్వర్‌పై కేవీఎం (లైనక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే సదుపాయం) ద్వారా ఆరు వర్చువల్ మెషీన్లు నడుపుతున్నాం. వాటిలో ఒకదానిలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది. దానిని పాత వ్యవస్థ నుంచి ఉన్నదున్నట్టుగా తరలించి తెచ్చాం. సర్వర్‌లో నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్‌డిస్కులు రెండు, రెయిడ్ 1 (రెండింటిలోనూ ఒకే సమాచారం ఉండే) అమరికలో ఉన్నాయి. వర్చువల్ డిస్కులన్నీ క్యూకౌ2 (వర్చువల్ డిస్క్‌ను ఒక ఫైలుగా దాచే రూపం) ఫైళ్లు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రోజూ స్నాప్‌షాట్ తీస్తుంది. రెండు మూడు నెలలుగా డేటాబేస్ మెషీన్ బాగా నెమ్మదించింది. చిన్న నమోదు చేసినా తెర కాసేపు బిగుసుకుపోతోంది. ప్రాసెసర్లను రెండు నుంచి నాలుగుకు, మెమరీని 4 జీబీ నుంచి 8 జీబీకి పెంచినా ఫలితం లేదు. సమాచారాన్ని కాపీ చేసే డీడీ ఆదేశంతో రాసే వేగాన్ని పరీక్షిస్తే మాత్రం సెకనుకు 1.2 జీబీ వేగం చూపిస్తోంది. ఆ మెషీన్ లోపల డిస్క్ పనితీరు చూపే ఐఓస్టాట్ నడిపితే డిస్క్ వినియోగం 99 శాతం, సెకనుకు 110 రైట్లు, ఒక్కో రైట్‌కు 180 మిల్లీ సెకన్లు, క్యూ పొడవు దాదాపు 20 అని వస్తోంది. వర్చువల్ డిస్క్ కాష్ పద్ధతిని 'అన్‌సేఫ్'కు మార్చితే సమస్య తీరుతుందని ఒక మిత్రుడు చెప్పారు. మార్చమంటారా? లేక ఎస్‌ఎస్‌డీ కొనడమే మార్గమా?

సమాధానం: మీ రెండు ప్రశ్నలకూ ముందే సూటిగా బదులు చెబుతాను. కాష్ పద్ధతిని 'అన్‌సేఫ్'కు మార్చవద్దు; డేటాబేస్ ఉన్న మెషీన్‌కు అది ఏ పరిస్థితిలోనూ తగదు. ఎస్‌ఎస్‌డీ మీకు చివరికి అవసరమయ్యే అవకాశమే ఎక్కువ, కానీ అంతకంటే ముందు ఖర్చు లేకుండా చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. వాటిని వదిలేసి ఎస్‌ఎస్‌డీ కొంటే, పాత జబ్బు కొత్త డిస్క్ మీదికి మారుతుందే తప్ప నయం కాదు. పైగా కొంతకాలం వేగం బాగుండటం వల్ల ఆ జబ్బు కనబడకుండా పెరుగుతుంది.

మీరు రాసిన అంకెల్లో రెండు ఒకదానికొకటి పొసగవు, అసలు విషయం అక్కడే తెలిసిపోతోంది. 7200 చుట్ల హార్డ్‌డిస్క్ ఏదీ సెకనుకు 1.2 జీబీ రాయలేదు. వరుసగా, ఎక్కడా ఆగకుండా రాసినా 150 నుంచి 250 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. అంటే డీడీ కొలిచింది మీ డిస్క్‌ను కాదు, మెమరీని. డీడీ రాసిన సున్నాలను కెర్నల్ పేజీ కాష్‌లో (డిస్క్ సమాచారాన్ని మెమరీలో ఉంచే చోట) పెట్టుకుని 'అయిపోయింది' అని చెప్పింది, డీడీ ఆ మాటనే వేగంగా లెక్కగట్టింది. ఆ తర్వాత అవి డిస్క్‌కు ఎప్పుడు చేరాయో దానికి తెలియదు. చివర్లో ఎఫ్‌డేటాసింక్ (రాసినది డిస్క్‌కు చేరేదాకా ఆగడం) చేయమని ఆదేశంలో కోరితే అంకె నిజానికి కొంత దగ్గరవుతుంది, కానీ అప్పుడు కూడా అది వరుసగా రాసే వేగమే. మీ డేటాబేస్ వరుసగా రాయదు. అది ఇక్కడ ఎనిమిది కేబీ, అక్కడ ఎనిమిది కేబీ రాస్తూ, ప్రతి కమిట్ (లావాదేవీని ఖాయం చేయడం) దగ్గర 'ఇది నిజంగా డిస్క్ మీదికి చేరిందా' అని అడిగి, జవాబు వచ్చేదాకా కదలకుండా నిలబడుతుంది. మీ తెర బిగుసుకుపోవడం ఆ నిలబడటమే. కాబట్టి ప్రాసెసర్లు పెంచినా ఫలితం రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఎదురు చూస్తున్న పనికి చేతులు ఎన్ని ఇచ్చినా ఎదురు చూడటం తగ్గదు.

ఇప్పుడు ఐఓస్టాట్ అంకెలను దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నింటికంటే విలువైనవి అవే. నిమిషానికి 7200 చుట్లంటే సెకనుకు 120 చుట్లు, ఒక చుట్టుకు 8.33 మిల్లీ సెకన్లు. కావలసిన చోటు హెడ్ (చదివే, రాసే మొన) కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీ సెకన్లకు పైగా పడుతుంది. హెడ్ ఒక ట్రాక్ నుంచి మరో ట్రాక్‌కు జరగడానికి ఇంకో ఎనిమిది తొమ్మిది. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న చోట్లకు ఒక డిస్క్ సెకనుకు 75 నుంచి 100 పనులు చేస్తుంది. అభ్యర్థనలను తనకు అనువైన క్రమంలో సర్దుకుంటే ఇంకొంచెం చేస్తుంది. రెయిడ్ 1లో ప్రతి రైట్ రెండు డిస్కుల మీదా జరగాలి కాబట్టి రాయడానికి రెండు డిస్కులున్నా ఒక డిస్క్ సామర్థ్యమే దక్కుతుంది. మీ అంకె 110. సెకనుకు 110 పూర్తవుతున్నాయంటే సగటున 9 మిల్లీ సెకన్లకు ఒకటి బయటపడుతోంది. కానీ ఒక్కో రైట్‌కు 180 మిల్లీ సెకన్లు పడుతోంది. తేడా 171 ఎక్కడికి పోయింది? క్యూలో నిలబడటానికి పోయింది. 110ని 0.18తో గుణించండి, 19.8 వస్తుంది, ఐఓస్టాట్ చూపిన క్యూ పొడవు సరిగ్గా అదే. అంటే డిస్క్ తన పద్ధతిలో తాను పని చేస్తూనే ఉంది, దాని ముందు ఇరవై మంది నిలబడి ఉన్నారు. ఆ ఇరవై మంది ఎవరు, అందరూ అక్కడ నిలబడవలసినవారేనా అన్నదే మీరు తేల్చవలసిన విషయం.

దానికి ఒక్క గెస్ట్ (వర్చువల్ మెషీన్) లోపలి నుంచి చూస్తే చాలదు. వర్చువల్ డిస్క్ అంటే పలు అంతస్తుల కట్టడం: గెస్ట్‌లోని ఫైల్ సిస్టమ్, దాని కింద వర్చువల్ కంట్రోలర్, దాని కింద క్యూకౌ2 ఫైలు, దాని కింద హోస్ట్ (మెషీన్లను నడిపే అసలు సర్వర్) ఫైల్ సిస్టమ్, రెయిడ్, చివరికి డిస్క్. ఆలస్యం ఏ అంతస్తులో పుడుతోందో తెలియకుండా చేసే ప్రతి మార్పూ చీకట్లో రాయి విసరడమే. అందుకని తెరపై రెండు కిటికీలు పక్కపక్కన తెరవండి. ఒకదానిలో గెస్ట్, మరొకదానిలో హోస్ట్. రెండింటిలోనూ ఐఓస్టాట్‌ను విస్తృత అంకెలు చూపే పద్ధతిలో, సెకనుకొకసారి వచ్చేలా నడపండి. మొదటి వరుసను పట్టించుకోకండి, అది యంత్రం వెలిగినప్పటి నుంచి ఇప్పటివరకూ ఉన్న సగటు. తర్వాతి వరుసలు చూస్తూ, డేటాబేస్‌లో తెర బిగుసుకుపోయే పనినే చేయించండి. గెస్ట్‌లో 180 ఉన్న క్షణంలో హోస్ట్ డిస్కుల దగ్గర కూడా వంద దాటి ఉంటే ఆలస్యం కిందే ఉంది, గెస్ట్ లోపల ఏం సవరించినా వృథా. గెస్ట్‌లో 180 ఉండి హోస్ట్‌లో ఐదారు మాత్రమే ఉంటే ఆలస్యం మధ్య అంతస్తుల్లో, అంటే కంట్రోలర్ దగ్గరో, స్నాప్‌షాట్ల దగ్గరో, వేగ పరిమితి దగ్గరో ఉంది. వినియోగం 99 శాతం అన్న అంకెను మాత్రం అతిగా నమ్మకండి. డిస్క్ ముందు కనీసం ఒక్క పని ఉన్న కాలాన్నే అది చెబుతుంది. ఒకే హార్డ్‌డిస్క్‌కు అది సరిపోతుంది గానీ, ఒకేసారి ఎన్నో పనులు చేయగల ఎస్‌ఎస్‌డీ విషయంలో 99 శాతం దగ్గర కూడా బోలెడు సామర్థ్యం మిగిలి ఉండవచ్చు.

హోస్ట్ కిటికీలో రెండు డిస్కుల వరుసలను విడివిడిగా చూడండి, ఇది చాలామంది వదిలేసే పని. రెయిడ్ 1లో రైట్ పూర్తి కావాలంటే రెండు డిస్కులూ అవునని చెప్పాలి. ఒకటి కుంటుతూ ఉంటే రెండోదీ దాని నడకే నడుస్తుంది. ఒక డిస్క్ దగ్గర నిరీక్షణ 12 ఉండి రెండో దాని దగ్గర 90 ఉంటే, స్మార్ట్‌సీటీఎల్‌తో దాని ఆరోగ్య వివరాలు తీసి, పాడైన వాటి బదులు వేరేచోట కేటాయించిన సెక్టార్లు, చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్లు ఎన్నో చూడండి. ఆ అంకెలు పెరుగుతూ ఉంటే మీ సమస్య వేగం కాదు, డిస్క్ చనిపోతోంది. అలాగే సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయితే ప్రాక్ కింద ఉండే ఎండీస్టాట్ ఫైలు చూడండి. డెబియన్‌లో నెలలో మొదటి ఆదివారం రెయిడ్ తనిఖీ దానంతట అదే మొదలవుతుంది, పెద్ద డిస్కుల మీద అది గంటల తరబడి సాగుతుంది. నెలకొకసారి మాత్రమే నరకం అనిపించే చోట్ల తరచూ ఇదే కారణం.

రెయిడ్ కార్డు వాడుతున్నట్లయితే ఇంకొకటి ఉంది, అది నేను మూడు రోజులు పోగొట్టుకుని నేర్చుకున్నది. ఒక చోట రాత్రికి రాత్రి రైట్లన్నీ నెమ్మదించాయి. రీడ్లు మామూలుగానే ఉన్నాయి. గెస్ట్‌లో షెడ్యూలర్ మార్చాను, ఫైల్ సిస్టమ్ మౌంట్ ఎంపికలు మార్చాను, డేటాబేస్ అమరికలన్నీ తిరగేశాను. మూడో రోజు సాయంత్రం కంట్రోలర్ లాగ్ తెరిస్తే, రైట్ కాష్‌ను కాపాడే బ్యాటరీ పాడైందని, అందువల్ల కార్డు రైట్‌బ్యాక్ (కాష్‌లో పడగానే పూర్తయిందనడం) నుంచి రైట్‌త్రూకు (డిస్క్ మీద పడ్డాకే పూర్తయిందనడం) మారిందని ఒకే ఒక్క వాక్యం కనిపించింది. విద్యుత్ పోతే కాష్‌లో ఉన్నది పోతుంది కాబట్టి కార్డు చేసింది సరైన పనే. బ్యాటరీ మార్చిన రోజే వేగం తిరిగి వచ్చింది. ఆ మూడు రోజుల్లో గెస్ట్‌లో చేసిన మార్పులన్నింటినీ ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పడానికి మాత్రం ఇంకో రోజు పట్టింది. అందుకే మిమ్మల్ని ముందుగా కింది అంతస్తు చూడమంటున్నాను.

కింద అంతా బాగానే ఉందని తేలితే, తర్వాత చూడవలసింది మిగతా ఐదు మెషీన్లు. హోస్ట్‌లో ఐఓటాప్ గానీ పిడ్‌స్టాట్ గానీ నడిపితే ఏ క్యూఈఎంయూ (వర్చువల్ మెషీన్‌ను నడిపే ప్రోగ్రాం) ప్రాసెస్ ఎంత రాస్తోందో, ఎంత చదువుతోందో తెలుస్తుంది. ఆరు మెషీన్లనూ ఒకే నమూనా నుంచి తయారుచేసి ఉంటే వాటి క్రాన్ పనులు (నిర్ణీత వేళకు తామే మొదలయ్యేవి), లాగ్ మార్పిడి, అప్‌డేట్‌ల తనిఖీ, బ్యాకప్ అన్నీ ఒకే నిమిషంలో లేస్తాయి. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద పని కాదు, ఆరూ కలిసి ఒకే హెడ్‌ను ఆరు దిక్కులకు లాగుతాయి. వేళలను పది పదిహేను నిమిషాల తేడాతో జరిపితే చాలు. డేటాబేస్ కాని మెషీన్ ఏదైనా డిస్క్‌ను ఆక్రమిస్తోందని తేలితే, లిబ్‌వర్ట్‌లో (వర్చువల్ మెషీన్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్) దానికి సెకనుకు ఇన్ని పనులే అని ఐఓట్యూన్ ద్వారా హద్దు పెట్టవచ్చు. అదే చేత్తో డేటాబేస్ మెషీన్‌కు పూర్వం ఎవరైనా అలాంటి హద్దు పెట్టి మరచిపోయారేమో కూడా చూసుకోండి.

ఇక స్నాప్‌షాట్లు. మీ ఉత్తరంలో 'బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రోజూ స్నాప్‌షాట్ తీస్తుంది', 'రెండు మూడు నెలలుగా నెమ్మదించింది' అన్న రెండు మాటలు చదివినప్పుడు నాకు మొదట తట్టిన అనుమానం ఇదే. బ్యాకప్ కోసం తీసే స్నాప్‌షాట్ సాధారణంగా అసలు ఫైలును కదలకుండా ఉంచి, కొత్త రైట్లను ఒక పై ఫైలులోకి మళ్లిస్తుంది. బ్యాకప్ అయ్యాక పై ఫైలును కింది దానిలో కలపాలి. ఆ కలపడం ఏ కారణంచేతనైనా విఫలమైతే మరుసటి రోజు దాని మీద ఇంకొకటి, ఆ మరుసటి రోజు ఇంకొకటి పేరుకుంటాయి. అప్పుడు ఒక బ్లాకు చదవాలంటే పై ఫైలులో ఉందా, లేకపోతే దాని కిందిదానిలో ఉందా అని గొలుసంతా వెతకాలి. రాయడం ఇంకా భారం. క్యూకౌ2 తన స్థలాన్ని మామూలుగా 64 కేబీ క్లస్టర్లుగా పంచుకుంటుంది. స్నాప్‌షాట్ తర్వాత ఒక క్లస్టర్‌లో మొదటిసారి 8 కేబీ రాయాలంటే, కొత్త క్లస్టర్ కేటాయించి, మిగిలిన 56 కేబీని కింది ఫైలు నుంచి చదివి తెచ్చి, మొత్తం రాసి, పట్టికలను సవరించాలి. మీ డేటాబేస్ అడిగింది ఒక్క చిన్న రైట్, హార్డ్‌డిస్క్ చేసింది నాలుగైదు చోట్ల పని.

హోస్ట్‌లో క్యూఈఎంయూ-ఐఎంజీ ఇన్ఫో ఆదేశాన్ని గొలుసు మొత్తం చూపమని కోరుతూ నడపండి. మెషీన్ నడుస్తూ ఉంటే ఫైలు లాక్‌ను దాటి చదవడానికి ఫోర్స్‌షేర్ ఎంపిక కూడా ఇవ్వవలసి ఉంటుంది. ఒకటి రెండుకు మించి ఫైళ్లు కనిపిస్తే కారణం దొరికినట్లే. మరో వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ సంస్థ వీఎంవేర్ కూడా తన వినియోగదారులకు, గొలుసులో 32 వరకూ సాంకేతికంగా కుదిరినా రెండు మూడుకు మించనివ్వవద్దని, ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని చెబుతుంది. గొలుసును కలపడానికి లిబ్‌వర్ట్ ఆదేశ పరికరమైన వర్ష్‌లో బ్లాక్‌కమిట్ ఉంది, మెషీన్ నడుస్తుండగానే కలుపుతుంది. కానీ అది కూడా డిస్క్ మీద పనే కాబట్టి రద్దీ లేని వేళ చూసుకుని, ముందు డేటాబేస్ డంప్ వేరే యంత్రంలో భద్రపరచుకుని మొదలుపెట్టండి. ఒక్క విషయం గట్టిగా చెప్పాలి: పాత తేదీ చూసి కింది ఫైళ్లను చేత్తో చెరిపేయకండి. మీ డేటాలో అత్యధిక భాగం ఆ పాత ఫైలులోనే ఉంటుంది. పైవన్నీ దాని మీద తేడాలు మాత్రమే.

క్యూకౌ2 గురించి ఇంకో చిన్న విషయం. గెస్ట్ అడిగిన చోటు ఫైలులో ఎక్కడుందో చెప్పే పట్టికను క్యూఈఎంయూ మెమరీలో కొంతవరకే ఉంచుకుంటుంది. ప్రతి 64 కేబీకి పట్టికలో 8 బైట్లు కావాలి, అంటే 1 ఎంబీ కాష్ 8 జీబీ డిస్క్‌కు సరిపోతుంది. పాత క్యూఈఎంయూలో ఆ కాష్ 1 ఎంబీయే ఉండేది, 3.1 వెర్షన్ నుంచి 32 ఎంబీ వరకూ పెరిగింది, అది 256 జీబీని కప్పుతుంది. మీ హోస్ట్ పాతదై, డిస్క్ పెద్దదైతే ప్రతి రీడ్‌కు ముందు పట్టిక కోసం ఇంకో రీడ్ జరుగుతూ ఉండవచ్చు.

మెషీన్‌ను పాత వ్యవస్థ నుంచి ఉన్నదున్నట్టు తెచ్చామన్నారు కదా, దాని డిస్క్ ఏ బస్సు (కంట్రోలర్ అనుసంధానం) మీద ఉందో, మెషీన్ అమరికలు చూపే వర్ష్ డంప్‌ఎక్స్‌ఎంఎల్‌లో చూడండి. ఐడీఈ లేదా సాటా అని ఉంటే గెస్ట్, నిజానికి లేని ఒక పాత కంట్రోలర్‌తో మాట్లాడుతోంది. ఆ కంట్రోలర్ రిజిస్టర్‌ను గెస్ట్ తాకిన ప్రతిసారీ ప్రాసెసర్ గెస్ట్‌ను వదిలి హైపర్‌వైజర్‌లోకి (వర్చువల్ మెషీన్లను నడిపే పొరలోకి) వెళ్లి రావాలి. ఐడీఈలో అయితే ఒకేసారి ఒక్క పనే నడుస్తుంది కూడా. వర్ట్‌ఐఓ ఈ నటనను వదిలేసి, తాను వర్చువల్ అని గెస్ట్‌కు తెలిసేలా, మెమరీలో ఉమ్మడి క్యూల ద్వారా పనులను గుంపుగా ఇస్తుంది. లైనక్స్ గెస్ట్ అయితే మార్చే ముందు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ వేళ వాడే చిన్న ఫైల్ సిస్టమ్) వర్ట్‌ఐఓ మాడ్యూళ్లు ఉన్నాయని, ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ చేయవలసిన డిస్కుల జాబితా) డిస్కులు పేర్లతో కాక యూయూఐడీలతో (మారని గుర్తింపు సంఖ్యలు) ఉన్నాయని సరిచూసుకోండి, ఎందుకంటే డిస్క్ పేరు ఎస్‌డీఏ కాస్తా వీడీఏ అవుతుంది. విండోస్ గెస్ట్ అయితే ముందు ఒక చిన్న ఖాళీ డిస్క్‌ను వర్ట్‌ఐఓ మీద తగిలించి, డ్రైవర్ ఎక్కాక మాత్రమే బూట్ డిస్క్‌ను మార్చాలి. లేకపోతే నీలి తెర తప్పదు. అయితే మీ కేసులో దీని నుంచి అద్భుతం ఆశించకండి. హార్డ్‌డిస్క్ చేసే పని మిల్లీ సెకన్లలో ఉంటుంది, కంట్రోలర్ భారం దానిలో చిన్న పాలు. ఎస్‌ఎస్‌డీకి మారిన రోజున ఇదే పెద్ద పాలు అవుతుంది కాబట్టి ఇప్పుడే చేసి ఉంచుకోవడం మంచిది.

మీ మిత్రుని సలహా విషయానికి వస్తాను. ఆయన చెప్పిన మాటలో వేగం గురించిన భాగం నిజమే, 'అన్‌సేఫ్' పెడితే మీ తెర బిగుసుకుపోవడం ఆ క్షణమే మాయమవుతుంది. ఎందుకు మాయమవుతుందో తెలిస్తే మీరు దాని జోలికి పోరు. డేటాబేస్ కమిట్ దగ్గర అడిగే 'చేరిందా' అన్న ప్రశ్నను క్యూఈఎంయూ ఆ పద్ధతిలో కిందికి పంపదు. ఏమీ చేయకుండానే 'చేరింది' అని చెబుతుంది. హోస్ట్‌కు విద్యుత్ పోయినా, కెర్నల్ కూలినా, చేరిందని చెప్పినవి ఏవీ చేరి ఉండకపోవచ్చు. పోయేది చివరి నమోదు ఒక్కటే కాదు. ఏది ముందు రాయాలి, ఏది తర్వాత రాయాలి అన్న క్రమం చెదురుతుంది కాబట్టి ఫైల్ సిస్టమ్ జర్నల్, డేటాబేస్ లాగ్, క్యూకౌ2 పట్టికలు అన్నీ ఒకేసారి పాడు కావచ్చు. పారేసినా నష్టం లేని పరీక్షా మెషీన్లకు, ఇన్‌స్టాలేషన్ నడిచే కాసేపటికి అది పనికొస్తుంది, అంతవరకే. దీనికి, 'రైట్‌బ్యాక్' పద్ధతికి తేడా ఉంది. రైట్‌బ్యాక్ హోస్ట్ పేజీ కాష్‌ను వాడుకుంటుంది గానీ గెస్ట్ ఫ్లష్ (ఉన్నదంతా డిస్క్‌కు చేర్చమనడం) అడిగితే దాన్ని గౌరవిస్తుంది, కనుక ఫ్లష్ సరిగా పంపే నేటి గెస్ట్‌లకు అది క్షేమమే. 'నన్' పద్ధతి హోస్ట్ పేజీ కాష్‌ను తప్పిస్తుంది, ఫ్లష్‌ను కిందికి పంపుతుంది. డేటాబేస్ తన కాష్‌ను తానే చూసుకుంటుంది, అదే సమాచారం హోస్ట్‌లో రెండోసారి ఉండటం మెమరీ దండగ కాబట్టి మీ మెషీన్‌కు నేను 'నన్'నే సూచిస్తాను.

నిజంగా కమిట్ నిరీక్షణే భరించలేకపోతే పోస్ట్‌గ్రెస్‌లోనే అంతకంటే నిజాయితీ గల మార్గం ఉంది. సింక్రనస్ కమిట్‌ను ఆపితే, యంత్రం కూలినప్పుడు సెకనులోపు జరిగిన చివరి కొద్ది లావాదేవీలు పోవచ్చు గానీ డేటాబేస్ పాడు కాదు, అది నిలకడైన స్థితిలోనే తిరిగి లేస్తుంది. సందర్శకుల లెక్క, లాగ్‌ల వంటి నమోదులకు లావాదేవీల వారీగా దీనిని వాడవచ్చు, డబ్బు లెక్కలకు మామూలు పద్ధతినే ఉంచవచ్చు. అంతకంటే ముందు మీ ప్రోగ్రాం ఒక్కో వరుసకు ఒక్కో కమిట్ చేస్తోందేమో చూడండి. వంద వరుసలను ఒకే లావాదేవీలో చేర్చితే వంద ఫ్లష్‌లు ఒకటవుతాయి. ఏ హార్డ్‌వేరూ ఇంత చౌకగా ఇంత లాభం ఇవ్వదు.

మెమరీ సంగతి క్లుప్తంగా చెబుతాను. గెస్ట్‌కు 8 జీబీ ఇచ్చారు సరే, హోస్ట్‌లో ఆ మెమరీ నిజంగా ఉందా? ఆరు మెషీన్లకు ఇచ్చిన మొత్తం హోస్ట్ మెమరీని దాటితే హోస్ట్ వాటి మెమరీనే స్వాప్‌లోకి, అంటే అవే రెండు డిస్కుల మీదికి నెడుతుంది. హోస్ట్‌లో వీఎంస్టాట్ నడిపి ఎస్‌ఐ, ఎస్‌ఓ నిలువు వరుసలు సున్నా దగ్గర ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మీరు ఇచ్చిన అదనపు 4 జీబీయే గోరుచుట్టు మీద రోకటిపోటు అయి ఉంటుంది.

ప్రతి మార్పుకూ ముందూ వెనకా ఒకే కొలత తీసుకోవడానికి డీడీని వదిలి డిస్క్ పరీక్షా సాధనమైన ఎఫ్‌ఐఓ వాడండి. ఒకే పని, క్యూ లోతు 1, బ్లాకు 8 కేబీ, చెల్లాచెదురు రైట్లు, పేజీ కాష్‌ను తప్పించే డైరెక్ట్ పద్ధతి, ప్రతి రైట్ తర్వాత ఎఫ్‌సింక్, కనీసం ఒక నిమిషం. ఇది మీ డేటాబేస్ కమిట్‌కు దగ్గరి పోలిక. మీ హార్డ్‌డిస్క్ మీద ఇది సెకనుకు పదుల్లోనే వస్తుంది, ఒక్కో ఎఫ్‌సింక్ వెనక ఫైల్ సిస్టమ్ జర్నల్ రైట్లు కూడా ఉంటాయి కాబట్టి దాన్ని చూసి గాబరా పడకండి. సగటును కాక 99వ పర్సెంటైల్ అంకెను, అంటే వందలో 99 రైట్లు ఎంత సమయంలోపు పూర్తయ్యాయో దాన్ని రాసి పెట్టుకోండి. వినియోగదారులు గుర్తుపెట్టుకునేది ఆ బిగుసుకుపోయిన క్షణాలనే. పరీక్షను ఎప్పుడూ ఒక ఫైలు మీదే నడపండి. డిస్క్ పేరు నేరుగా ఇచ్చి రైట్ పరీక్ష నడిపితే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, కొలవండి, రాసుకోండి.

స్నాప్‌షాట్లు కలిపి, వేళలు సర్ది, కాష్ సరిచేశాక కూడా హోస్ట్ డిస్కుల దగ్గర నిరీక్షణ వందల్లోనే ఉంటే ఇక ఎస్‌ఎస్‌డీ కొనండి, అప్పుడది సరైన ఖర్చు. కొనేటప్పుడు పెట్టె మీద ఉన్న లక్షల ఐఓపీఎస్‌ను (సెకనుకు చేసే పనుల సంఖ్య) చూడకండి, అది లోతైన క్యూలతో కొలిచిన అంకె. విద్యుత్ పోయినా లోపలి కాష్‌ను కాపాడే కెపాసిటర్లు ఉన్నాయా లేదా చూడండి. అవి ఉన్న డ్రైవ్ ఫ్లష్ అడగగానే నిశ్చింతగా 'చేరింది' అనగలదు. అవి లేని మామూలు డ్రైవ్ ప్రతి ఫ్లష్‌కూ నిజంగా ఫ్లాష్ మీద రాయవలసి వచ్చి, ఎఫ్‌సింక్ దగ్గర ఊహించనంతగా నీరసిస్తుంది. నాలుగు బిట్ల సెల్ వాడే చౌక డ్రైవ్‌లు లోపలి వేగవంతమైన భాగం నిండగానే హార్డ్‌డిస్క్ స్థాయికి పడిపోగలవు, డేటాబేస్‌కు అవి వద్దు. మారిన తర్వాత గెస్ట్ డిస్క్‌కు డిస్కార్డ్‌ను అనుమతించి, లోపల ఎఫ్‌ఎస్‌ట్రిమ్ వారానికొకసారి నడిచేలా చూడండి, లేకపోతే చెరిపేసిన స్థలం ఖాళీ అని ఎస్‌ఎస్‌డీకి ఎప్పటికీ తెలియదు. గెస్ట్ చాలా పాతదై దాని పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలవుతుంటే, దాన్ని 2048వ సెక్టార్ దగ్గర మొదలయ్యేలా కొత్త డిస్క్ మీద చేసుకుని సమాచారాన్ని అందులోకి తరలించండి. 63 సెక్టార్లు 4 కేబీతో భాగించబడవు కాబట్టి ప్రతి చిన్న రైట్ రెండు బ్లాకుల మీద పడుతుంది.

అద్దె క్లౌడ్‌లో ఇదే సమస్య ఉన్న పాఠకుల కోసం ఒక మాట. అక్కడ హోస్ట్ మీకు కనిపించదు, కాబట్టి ముందుగా చూడవలసింది పరిమితులు. అమెజాన్ క్లౌడ్ డిస్క్ సేవ అయిన ఈబీఎస్‌లో జీపీ2 రకం డిస్క్‌కు ఒక జీబీకి 3 చొప్పున ఐఓపీఎస్ దక్కుతుంది. 100 జీబీకి 300. పొదుపు చేసిన క్రెడిట్లు ఉన్నంతసేపు అది 3000 దాకా పరుగెత్తుతుంది, అవి అయిపోగానే 300కు పడిపోతుంది. 'పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం చచ్చిపోతుంది' అన్న ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే. జీపీ3లో పరిమాణంతో సంబంధం లేకుండా 3000 స్థిరంగా ఉంటుంది. స్నాప్‌షాట్ నుంచి కొత్తగా తయారుచేసిన డిస్క్ మొదటిసారి చదివేటప్పుడు నెమ్మదిగా ఉండటం మామూలే. ప్రతి బ్లాకూ అప్పుడే దూరపు నిల్వ నుంచి వస్తుంది.

మీ విషయంలో నేను మొదట చూడాలనుకునేది స్నాప్‌షాట్ల గొలుసు, ఆ తర్వాత రెండు డిస్కుల విడివిడి నిరీక్షణలు. ఈ రెండూ చూడటానికి పావుగంట చాలు, డేటాబేస్‌ను ఆపనవసరం లేదు. అయినా తేలకపోతే ఒకే నిమిషంలో గెస్ట్‌లో, హోస్ట్‌లో తీసిన ఐఓస్టాట్ వరుసలను, డంప్‌ఎక్స్‌ఎంఎల్‌లో డిస్క్ గురించిన భాగాన్ని, గొలుసు వివరాలను కలిపి మళ్లీ రాయండి.